రేవు కాపలా: ఖర్చెంత, ఫలమెంత



అమెరికా పడమటి తీరంలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ అని పక్కపక్కనే రెండు ఓడరేవులు ఉన్నాయి. ఓడ దిగిన కంటైనర్‌ను ఎత్తుకున్న లారీ రేవు గేటు దాటే ముందు రెండు స్తంభాల మధ్య నుంచి మెల్లగా వెళ్లాలి. ఆ స్తంభాల్లో రేడియోధార్మికతను పసిగట్టే ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. ఒక్కోసారి లారీ దాటుతుండగా అలారం మోగుతుంది. డ్రైవరు కంగారుపడడు. లారీని పక్క వరుసలోకి తీసి ఆపుతాడు. కస్టమ్స్ ఆఫీసరు చేతి యంత్రం ఒకటి పట్టుకుని కంటైనర్ చుట్టూ తిరుగుతాడు. ఏ మూల రీడింగు ఎక్కువ వస్తోందో చూస్తాడు. అందులో ఏ మూలకం ఉందో ఆ యంత్రం చెబుతుంది. ఆపైన సరుకు చిట్టా తీస్తాడు. చిట్టాలో సిరామిక్ టైల్స్ అని ఉంటుంది. లేదంటే ఎరువులు, అరటిపళ్లు, ఇంట్లో పెంచుకునే పిల్లుల కోసం పళ్లెంలో పోసే మట్టి, గ్రానైటు పలకలు. వీటన్నిటిలోనూ పుట్టుకతోనే కాస్తంత రేడియోధార్మికత ఉంటుంది. ఆఫీసరు సంతకం పెడతాడు, లారీ కదులుతుంది.

ఇలాంటి ఉత్తుత్తి మోతలు ఆ జంట రేవుల్లో రోజుకు వందల్లో ఉండేవి. ప్రతి మోతకూ ఒక ఆఫీసరు, కొంత సమయం, ఒక లారీ నిరీక్షణ. మరి టైల్స్‌కూ బాంబుకూ తేడా తెలిసిన యంత్రం వస్తే? దాని ధర పాతదానికి దాదాపు ఏడింతలైతే? కొనాలా, వద్దా?

2006లో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ముందుకు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. జవాబు కోసం ఆ శాఖ ఖర్చులూ ప్రయోజనాలూ పక్కపక్కన పెట్టి లెక్క వేసింది. కొనవచ్చని లెక్క తేల్చింది. ఆ లెక్కకు ఏ గతి పట్టిందో కాసేపట్లో చూద్దాం. ముందుగా, ఒక ఓడరేవుకు ఎంత కాపలా చాలు అనే మాటను డబ్బులో కొలవాలన్న ఆలోచన ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

2001 సెప్టెంబర్ 11 దాడులు విమానాలతో జరిగాయి. అయినా ఆ మరుసటి నెలల్లోనే భద్రతా నిపుణుల చూపు ఓడల మీదికి మళ్లింది. కారణం కంటైనర్. నలభై అడుగుల ఇనుప పెట్టె, సీలు వేసి ఉంటుంది, లోపల ఏముందో కాగితం చెప్పడమే తప్ప కంటితో చూసేవాళ్లు అరుదు. ఏటా లక్షల కొద్దీ పెట్టెలు ఆ దేశంలోకి వస్తున్నాయి. వాటిలో ఒక్కదాంట్లో అణుబాంబు ఉంటే? 2002 జనవరిలో అమెరికా కస్టమ్స్, విదేశీ రేవుల్లోనే అనుమానాస్పద పెట్టెలను తనిఖీ చేసే పథకం మొదలుపెట్టింది. ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే సరుకు చిట్టా పంపాలన్న నిబంధన ఆ ఏడాది చివర్లో వచ్చింది. అదే డిసెంబరులో లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడలకూ రేవులకూ కలిపి ఒక భద్రతా నియమావళిని ఆమోదించింది. 2004 జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. విశాఖపట్నం రేవులోకి వెళ్లాలంటే ఇవాళ పాసు చూపించాల్సి రావడం, ప్రతి రేవులో భద్రతాధికారి, భద్రతా ప్రణాళిక ఉండడం ఆ నియమావళి పుణ్యమే. మన రొయ్యల ఎగుమతిదారుకు 24 గంటల నిబంధన బాగా తెలుసు. అమెరికాకు పోయే రొయ్యల పెట్టె తాలూకు కాగితం సకాలంలో చేరకపోతే, పెట్టె ఓడ ఎక్కదు.

ఇన్ని నియమాలు పెట్టినప్పుడు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అమెరికాలో ఏ పెద్ద ప్రభుత్వ నిబంధన తెచ్చినా దాని ఖర్చెంతో, ప్రయోజనమెంతో లెక్కగట్టి ప్రజల ముందు పెట్టడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీకి మూలం 1936 నాటి వరద నియంత్రణ చట్టం. ప్రయోజనం ఎవరికి దక్కినా సరే, మొత్తం మీద అది ఖర్చును మించితేనే ప్రాజెక్టు కట్టాలని ఆ చట్టం చెప్పింది. ఆనకట్టల ఇంజనీర్లకు ఇది కుదిరింది. నదికి వందేళ్ల వరద రికార్డు ఉంటుంది, ఏ స్థాయి వరద ఎన్నేళ్లకోసారి వస్తుందో చెప్పవచ్చు. పైగా మనం గట్టు ఎంత ఎత్తు పోశామో చూసి నది తన ఎత్తుగడ మార్చుకోదు. దాడి చేసేవాడు మార్చుకుంటాడు. ఒక రేవుకు గోడ కడితే ఇంకో రేవుకు పోతాడు. కాబట్టి రేవు భద్రత లెక్కలో మొదటి అంకె దగ్గరే చిక్కు మొదలవుతుంది: దాడి జరిగే అవకాశం ఎంత?

అమెరికా కోస్ట్ గార్డ్ 2003లో తన నిబంధనలు ఖరారు చేసినప్పుడు ఈ చిక్కును ఒక చిత్రమైన పద్ధతిలో దాటవేసింది. ఖర్చును డాలర్లలోనే చెప్పింది: మొదటి ఏడాది 150 కోట్ల డాలర్లు, పదేళ్లకు కలిపి సుమారు 730 కోట్ల డాలర్లు. ప్రయోజనాన్ని మాత్రం డాలర్లలో చెప్పలేదు, "రిస్క్ పాయింట్లు" అని మార్కులు వేసింది. ఓడల మీద పెట్టే ఖర్చు వల్ల ఇన్ని పాయింట్లు తగ్గుతాయి, రేవు కట్టడాల మీద పెట్టేదానివల్ల ఇన్ని తగ్గుతాయి అని పట్టికలు ఇచ్చింది. ఇందులో నిజాయితీ లేకపోలేదు. తెలియని అంకెను తెలిసినట్టు చెప్పలేదు కదా. ఓడల మీద పెట్టే డబ్బు మంచిదా, రేవుల మీద పెట్టేది మంచిదా అని పోల్చుకోవడానికి మార్కులు పనికొస్తాయి కూడా. కానీ అసలు ఆ 730 కోట్లు పెట్టడం సబబేనా అని అడిగితే, మార్కుల పట్టిక దగ్గర జవాబు లేదు.

అవకాశం సంగతి అలా ఉంచి, దాడి జరిగితే నష్టం ఎంత అన్న రెండో అంకెను తీసుకుందాం. ఇదైనా సులువుగా దొరుకుతుందని అనిపిస్తుంది.

2006లో రాండ్ అనే పరిశోధన సంస్థ ఒక ఊహా చిత్రం గీసింది. లాంగ్ బీచ్ రేవులో ఒక కంటైనర్‌లో దాచిన పది కిలోటన్నుల అణుబాంబు పేలుతుంది. వెంటనే 60,000 మంది చనిపోవచ్చు, లక్షన్నర మంది ప్రమాదకరమైన రేడియేషన్‌కు గురికావచ్చు, తొలిదశ నష్టాలే లక్ష కోట్ల డాలర్లు దాటవచ్చు అని ఆ అధ్యయనం అంచనా. ఇంత పెద్ద అంకె లెక్కలోకి ఎక్కిన తర్వాత ఎంత ఖర్చు పెట్టినా తక్కువే అనిపిస్తుంది. ఆ అంకె చేసే పనే అది. అవకాశం కోటిలో ఒక వంతా, వందలో ఒక వంతా అని అడిగే ఓపిక ఎవరికీ మిగలదు.

చిన్న దాడి అనుకుంటే? దానికీ ఒక అంకె అప్పటికే చలామణీలో ఉంది. 2002 శరదృతువులో పడమటి తీరంలోని 29 రేవుల్లో యాజమాన్యాలు లాకౌట్ ప్రకటించాయి. రేవు కార్మికుల సంఘంతో జీతాల ఒప్పందం, కొత్త యంత్రాల మీద గొడవ. పది రోజులు క్రేన్లు కదలలేదు. ఓడలు సముద్రంలో లంగరేసుకుని బారులు తీరాయి. చివరికి అధ్యక్షుడు బుష్ కోర్టు ద్వారా రేవులు తెరిపించాడు. ఆ పది రోజులూ పేపర్లలో ఒకటే మాట: రోజుకు వంద కోట్ల డాలర్ల నష్టం. గొడవ ముగిశాక కూడా ఆ మాట బతికింది. రేవు మీద దాడి జరిగితే నష్టమెంత అని ఎవరు రాసినా అదే అంకె ఎత్తుకునేవారు.

ఆ అంకెను నిదానంగా విప్పి చూసింది అమెరికా పార్లమెంటుకు అంచనాలు వేసిపెట్టే బడ్జెట్ కార్యాలయం. 2006 మార్చిలో వచ్చిన దాని నివేదిక తేల్చిందేమిటంటే, లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రెండు రేవుల్లో ఒక వారం పాటు కంటైనర్ల రాకపోకలు హఠాత్తుగా ఆగిపోతే, నష్టం రోజుకు ఆరున్నర కోట్ల నుంచి 15 కోట్ల డాలర్ల మధ్య ఉంటుంది. ఇది రెండు రేవుల లెక్క, అది ఇరవై తొమ్మిదింటి లెక్క, నిజమే. ఆ తేడా తీసేసినా దూరం చాలానే మిగులుతుంది. ఎందుకని? ఆగిపోయిన సరుకు విలువంతా నష్టం కాదు కాబట్టి. వారం ఆలస్యంగా వచ్చిన బూట్ల జత వారం తర్వాత అమ్ముడుపోతుంది. దుకాణంలో పాత నిల్వ ఉంటుంది. కొన్ని ఓడలు వేరే రేవుకు పోతాయి, తొందరున్న సరుకు విమానం ఎక్కుతుంది. నిజంగా పోయేది ఏమిటంటే విడిభాగం రాక ఆగిపోయిన ఫ్యాక్టరీ ఉత్పత్తి, కుళ్లిన పళ్లు, అదనపు రవాణా ఖర్చు, పని దొరకని కూలీ. ఇవి తక్కువేం కాదు. కానీ రేవులో నిలిచిన సరుకు బిల్లుల మొత్తం మాత్రం కాదు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పుకోవాలి. 2002 అక్టోబరులో బూజ్ అలెన్ హామిల్టన్ అనే సలహా సంస్థ, ప్రభుత్వ, వ్యాపార ప్రతినిధులను ఒకచోట కూర్చోబెట్టి ఒక ఉత్తుత్తి యుద్ధక్రీడ ఆడించింది. కంటైనర్లలో మురికి బాంబులు, అంటే పేలి రేడియోధార్మిక పదార్థాన్ని చిమ్మే బాంబులు, బయటపడ్డాయన్నది కథ. ఆటలో కూర్చున్న అధికారులు దేశంలోని రేవులన్నీ మూసేశారు. ఆటలోనే ఎనిమిది రోజుల మూత, పేరుకున్న సరుకు కదలడానికి 92 రోజులు, మొత్తం నష్టం 5,800 కోట్ల డాలర్లు. ఆ నష్టంలో బాంబు చేసింది చాలా కొంచెం. ఎక్కువభాగం రేవులు మూయాలన్న నిర్ణయం చేసింది. అంటే దాడి తర్వాత ఏ రేవును ఎప్పుడు, ఎలా తెరవాలో ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక కూడా ఒక భద్రతా పెట్టుబడే. యంత్రాలతో పోలిస్తే దానికయ్యేది కాగితం ఖర్చు. యంత్రాలు అమ్మే కంపెనీలు ఉంటాయి, ప్రణాళిక అమ్మే కంపెనీ అంతగా ఉండదు. అందుకే కాబోలు దాని గురించి ప్రచారం తక్కువ.

ఇప్పుడు ఆ ఏడింతల ధర యంత్రం దగ్గరికి వద్దాం.

పాత స్తంభం ధర సుమారు 55,000 డాలర్లు. కొత్త స్తంభం సుమారు 3,77,000 డాలర్లు. పాతది రేడియేషన్ ఉందని చెబుతుంది, అది దేనిదో చెప్పలేదు. కొత్తది అది దేనిదో కూడా చెబుతుందన్నది హామీ. 2006 జులైలో మూడు కంపెనీలతో 120 కోట్ల డాలర్ల దాకా కాంట్రాక్టులు ప్రకటించారు. మద్దతుగా ఖర్చు, ప్రయోజనాల పత్రం ఒకటి పార్లమెంటుకు పంపారు. పార్లమెంటు తరఫున ప్రభుత్వ శాఖలను తనిఖీ చేసే ఆడిట్ సంస్థ, అంటే మన కాగ్ వంటిది, ఆ పత్రాన్ని చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో తన అభిప్రాయం రాసింది.

పత్రంలో కొత్త యంత్రం సామర్థ్యం 95 శాతం అని ఉంది. బాంబుకు పనికొచ్చే శుద్ధి చేసిన యురేనియంను వంద సార్లలో 95 సార్లు గుర్తుపడుతుందన్నమాట. ఆ 95 ఎక్కడిది? పరీక్షల్లో తేలిందా? కాదు. భవిష్యత్తులో యంత్రం అందుకోవాల్సిన లక్ష్యం అది. లెక్కలో మాత్రం ఇప్పుడే అందుకున్నట్టు వేశారు. నెవాడా ఎడారిలో అంతకు ముందు ఏడాదే పరీక్షలు జరిగాయి. వాటి ఫలితాలు పత్రం రాసిన శాఖ దగ్గరే ఉన్నాయి. విడిగా పెట్టిన యురేనియంను మూడు కంపెనీల యంత్రాలు 70 నుంచి 88 శాతం సార్లు గుర్తుపట్టాయి. మామూలు సరుకు రేడియేషన్ చాటున దాచిపెట్టినప్పుడు? ఒకటి 53 శాతం, ఒకటి 45 శాతం, ఒకటి 17 శాతం. దొంగరవాణా చేసేవాడు సరుకును చాటున దాచే తెస్తాడు. ఆ విషయం చెప్పడానికి ఆడిటరు అక్కరలేదు.

ఖర్చు వైపు కూడా గమ్మత్తులు ఉన్నాయి. పాత యంత్రం ధరను అప్పటికి కస్టమ్స్ చెల్లిస్తున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువగా వేశారు. దాంతో కొత్తది అంత ఖరీదు కాదన్నట్టు కనిపించింది. రెండు యంత్రాల నిర్వహణ ఖర్చునూ తక్కువ చేసి చూపారు. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త యంత్రం వల్ల వచ్చే అసలు లాభమేమిటి? ఉత్తుత్తి మోతలు తగ్గడం. సీసం పలకల వంటి మందపాటి కవచంలో చుట్టిన యురేనియంను పట్టడం పాతదానికి చేతకాదు, కొత్తదానికీ కష్టమే. లారీ డ్రైవర్ నిరీక్షణ తగ్గించే యంత్రాన్ని నగరాన్ని కాపాడే యంత్రంగా లెక్క కట్టారు.

ఆ నివేదిక తర్వాత పార్లమెంటు షరతు పెట్టింది: కొత్త యంత్రం పాతదానికంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా పనిచేస్తుందని మంత్రి స్థాయిలో ధ్రువీకరిస్తేనే పూర్తిస్థాయి కొనుగోలు. మళ్లీ పరీక్షలు, మళ్లీ వాదాలు. జాతీయ విజ్ఞాన అకాడమీల నిపుణులూ చూశారు. ధ్రువీకరణ రాలేదు. 2011లో ఆ కార్యక్రమాన్ని మూసేశారు.

ఈ కథ చూసి, లెక్కలన్నీ బూటకమే, ముందే తీసుకున్న నిర్ణయానికి అద్దే రంగు అనేవాళ్లు ఉన్నారు. అది సగమే నిజం. ఆ పత్రమే లేకపోతే ఆడిటర్లు వేలు పెట్టి చూపడానికి 95 అనే అంకె ఎక్కడా దొరికేది కాదు. "జాతి భద్రత కోసం ఈ యంత్రం అవసరం" అని రాస్తే ఎవరు ఏమని వాదిస్తారు? కాగితం మీద అంకె పెట్టారు కనుక, ఈ అంకె ఎక్కడిది అని అడగడం కుదిరింది. లెక్క వల్ల ముందుగా వచ్చే మేలు ఇదే: ఊహ ఏ గళ్లో కూర్చుందో కనిపిస్తుంది.

అలా అడగనివ్వకుండా జరిగిన నిర్ణయం ఎలా ఉంటుందో కూడా అమెరికాలోనే చూడవచ్చు. 2007 ఆగస్టులో వచ్చిన ఒక చట్టం, అమెరికాకు వచ్చే ప్రతి కంటైనర్‌నూ విదేశీ రేవులోనే ఓడ ఎక్కే ముందు స్కాన్ చేయాలంది. వందకు వంద. గడువు 2012 జులై 1. ముందుగా పాకిస్తాన్‌లోని పోర్ట్ కాసిం, హోండురాస్‌లోని పుఎర్తో కోర్తెస్, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ రేవుల్లో ప్రయత్నం చేశారు. పెట్టెలు గేటు గుండా లారీల మీద వచ్చే చోట ఎలాగో కుదిరింది. పెట్టె ఒక ఓడ దిగి గేటు బయటికే రాకుండా ఇంకో ఓడ ఎక్కే చోట చిక్కొచ్చింది. సింగపూర్, కొలంబో, సలాలా వంటి రేవుల బతుకే అది. మన తూర్పు తీరం నుంచి చిన్న ఓడలో బయల్దేరిన పెట్టె అలాంటి చోటే పెద్ద ఓడలోకి మారుతుంది. అక్కడ స్కానరు ఎక్కడ పెట్టాలి? క్రేను కింద పెడితే క్రేను ఆగాలి, క్రేను ఆగితే ఓడ ఆగాలి.

2016లో అదే బడ్జెట్ కార్యాలయం మళ్లీ లెక్క తీసింది. అన్ని పెట్టెలూ విదేశాల్లోనే స్కాన్ చేస్తే పదేళ్లకు 2,200 కోట్ల నుంచి 3,200 కోట్ల డాలర్లు అవుతుందని తేల్చింది. ఈలోగా గడువును 2014కు జరిపారు, తర్వాత 2016కు, 2018కి, ఆ పైన మరీ ముందుకు. చట్టాన్ని రద్దు చేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వంద శాతం వద్దు అని ఓటు వేసినవాడికి తర్వాత ఎన్నికల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

వంద శాతం కాకపోతే ఎంత శాతం? ఈ ప్రశ్నను తలకిందులుగా తిప్పి అడిగితే కొంత వెలుగు కనిపిస్తుంది. దాడి జరిగే అవకాశం ఎంతో తెలియదు కదా. సరే, అది ఎంత ఉంటే ఈ ఖర్చు గిట్టుబాటవుతుందో లెక్క వేద్దాం. ఒక ఊహా రేవు తీసుకోండి. అక్కడ కొత్త కాపలాకు ఏడాదికి పది కోట్ల రూపాయలు ఖర్చు. దాడి జరిగితే నష్టం రెండు వేల కోట్లు. కాపలా పెడితే ఆ ప్రమాదం సగానికి తగ్గుతుందనుకుందాం. అప్పుడు ఏటా నూటికి ఒక వంతు, అంటే నూరేళ్లకు ఒకసారి, అలాంటి దాడి జరిగేట్టుంటేనే ఖర్చు గిట్టుతుంది. ఇక చర్చ ఎవరి భయం ఎంత అన్నది కాదు. ఈ రేవు మీద నూరేళ్లకోసారి దాడి అన్నది నమ్మదగిన మాటేనా, కాదా? రేవు అధికారి, పోలీసు, నిఘా విభాగం మనిషి ఒక బల్ల చుట్టూ కూర్చుని దీని మీద మాట్లాడుకోవచ్చు.

ఈ పద్ధతిని దేశమంతటికీ వర్తింపజేసి చూసినవాళ్లు జాన్ మ్యూలర్ అనే రాజనీతి పండితుడు, మార్క్ స్టువర్ట్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు. 2011లో వచ్చిన వాళ్ల పుస్తకం లెక్క ప్రకారం, 2001 తర్వాత అమెరికా అంతర్గత భద్రతకు ఏటా అదనంగా పెడుతూ వచ్చిన 7,500 కోట్ల డాలర్లు గిట్టుబాటు కావాలంటే, న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో విఫలమైన కారు బాంబు స్థాయి దాడులు ఏడాదికి 1,667 జరగబోతూ ఆగాలి. అంటే రోజుకు నాలుగుకు పైనే. ఈ లెక్క ఆ స్థాయి దాడులకు. అంతకన్నా ఎంతో పెద్ద దాడులను లెక్కలోకి తీసుకుంటే అంకె మారుతుంది. భయానికి, కోపానికి, యుద్ధానికి దారి తీసే నష్టాన్ని డాలర్లలో ఎలా పట్టాలన్నదీ తెగని వాదమే. మనిషి ప్రాణం సంగతి సరేసరి. ప్రాణాపాయం తగ్గించే నిబంధనల లెక్కల్లో ఒక్కో ప్రాణానికి 63 లక్షల డాలర్లు వేయమని 2008లో ఆ హోంల్యాండ్ శాఖ కోసం చేసిన అధ్యయనం సూచించింది. వినడానికి కటువుగా ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే లెక్కలో ప్రాణం విలువ సున్నా అవుతుంది, అది ఇంకా కటువు.

ఈ తలకిందుల లెక్క నిర్ణయాన్ని నిజంగా మార్చిన సందర్భం ఒకటుంది. రేవుల్లో పనిచేసేవాళ్లకు అమెరికాలో వేలిముద్రలున్న గుర్తింపు కార్డు ఇస్తారు. కార్డును చదివే యంత్రాలు ప్రతి రేవు కట్టడం దగ్గరా పెట్టాలన్నది మొదట్లో వినిపించిన కోరిక. ఖర్చూ ముప్పూ పక్కపక్కన పెట్టి చూశాక, 2016 నాటి తుది నిబంధనలో కోస్ట్ గార్డ్ ఆ యంత్రాలను అతిప్రమాదకరమైన 525 కట్టడాలకు, ఒకే ఒక్క ఓడకు పరిమితం చేసింది. వాటిలోనూ కొన్ని రకాలకు తర్వాత గడువులు పొడిగిస్తూ వచ్చారు.

గడిలో పెట్టే ప్రయోజనం ఉగ్రవాదం ఒక్కటే కానక్కరలేదన్నది చాలా లెక్కలు మరిచిపోయే సంగతి. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లలో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. అఫ్గానిస్తాన్ టాల్క్ రాయి అని కాగితాల్లో ఉంది. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చింది. దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడ. అప్పట్లో ఆ వార్త మన ఊళ్లలో ఎంత అలజడి రేపిందో శ్రోతల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పట్టుకున్నది రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు, అందిన సమాచారాన్ని బట్టి. ప్రతి పెట్టెనూ స్కాన్ చేస్తూ పోయినందువల్ల కాదు. ఖర్చు, ప్రయోజనాల పట్టికలో సమాచార సేకరణకు సాధారణంగా ఒక చిన్న వరుస ఉంటుంది, స్కానర్లకు పేజీలుంటాయి.

దాడే లేని నష్టం ఇంకా పెద్దది. లెబనాన్ రాజధాని బేరూత్ రేవులో 2020 ఆగస్టు 4న పేలింది ఏ ఉగ్రవాదీ పెట్టిన బాంబు కాదు. 2013లో ఒక ఓడ తెచ్చి వదిలేసిన 2,750 టన్నుల అమోనియం నైట్రేట్. గోదాములో దాదాపు ఆరేళ్లు పడి ఉంది. దాన్ని తరలించడానికి అనుమతి ఇప్పించండంటూ కస్టమ్స్ అధికారులు కోర్టుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 200 మందికి పైగా చనిపోయారు. భవనాలకూ ఆస్తులకూ జరిగిన నష్టమే 380 నుంచి 460 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ సరుకును వేలం వేసి పంపేయడానికి ఎంతయ్యేది? ఆ వారమే చెన్నై అధికారులకు తమ దగ్గర ఉన్నది గుర్తొచ్చింది. 2015లో పట్టుకున్న దాదాపు 700 టన్నుల అమోనియం నైట్రేట్ మణలి దగ్గరి కంటైనర్ యార్డులో ఉండిపోయింది. రోజుల వ్యవధిలో దాన్ని లారీలకెత్తి హైదరాబాద్ పంపారు. కొన్నది అక్కడి కంపెనీయే. అయిదేళ్లు దొరకని తీరిక అప్పుడు దొరికింది.

తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రయోజనం వచ్చిన ఉదాహరణ కోసం చూస్తే బోస్టన్ కనిపిస్తుంది. అక్కడి కోస్ట్ గార్డ్ దగ్గర గస్తీ పడవలు కొన్నే. కాపాడాల్సిన చోట్లు ఎన్నో. రోజూ ఒకే వేళకు ఒకే దారిన తిరిగితే, గట్టున కూర్చుని చూసేవాడికి వారంలో అంతా తెలిసిపోతుంది. మిలింద్ తాంబే అనే భారత సంతతి కంప్యూటర్ శాస్త్రవేత్త, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఆయన బృందం కలిసి ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. శత్రువు మన గస్తీని గమనిస్తూ ఉంటాడన్నది అందులో మొదటి సూత్రం. ముఖ్యమైన చోట్లకు ఎక్కువసార్లు, అంత ముఖ్యం కానివాటికి తక్కువసార్లు, ఏ రోజు ఏ వేళ అన్నది మాత్రం ఎవరికీ అందకుండా అది గస్తీ పట్టిక రాస్తుంది. 2011లో బోస్టన్ రేవులో వాడుక మొదలుపెట్టారు. కొత్త పడవ అక్కరలేదు, కొత్త స్తంభం అక్కరలేదు. అది పనిచేస్తోందా లేదా అన్నదాన్నీ ఊహకు వదల్లేదు. దాడి చేయాలనుకునేవాడి కళ్లతో రేవును గమనించే ఒక బృందాన్ని కోస్ట్ గార్డే నియమించి, పాత పట్టిక నడిచినప్పుడు ఎలా ఉంది, కొత్తది వచ్చాక ఎలా ఉంది అని వాళ్లను అడిగింది. కొత్త పట్టికతో గస్తీ ఎటు వస్తుందో అంచనా వేయడం కష్టమైందని, ముఖ్యమైన చోట్ల కాపలా గట్టిపడిందని వాళ్లు చెప్పారు. ఆ తర్వాత న్యూయార్క్ రేవు కూడా అదే సాఫ్ట్‌వేర్ తెప్పించుకుంది.